పఠనము – ప్రతిభ: దండి చూపిన కొలను

కావ్యమునకు కారణమేది? సహజప్రతిభయా, చదువువలన కలుగు వ్యుత్పత్తియా, నిరంతరాభ్యాసమా? ప్రతిభ యొక్కటియే చాలునన్నచో పాఠశాలకు, గురువునకు, గ్రంథమునకు పనియేమి అను శంక కలుగును. దీనికి సమాధానము లక్షణగ్రంథములలోనే కాక లక్ష్యములోను దొరుకును. అట్టి లక్ష్యమొకటి కొల్లేటి సీమకు సంబంధించినది.

దండి కావ్యాదర్శమున సహజప్రతిభను, నిర్మలమైన బహుశ్రుతత్వమును, ఎడతెగని పరిశ్రమను కావ్యసంపదకు కారణములుగా చెప్పినాడు. అద్భుతప్రతిభ లేకున్నను, శ్రుతముచేతను యత్నముచేతను ఉపాసించినచో వాగ్దేవి కొంత అనుగ్రహము చూపియే తీరునని అభయమిచ్చినాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము మూడును కలిసి ఒకే హేతువన్నాడు. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు ప్రతిభ యొక్కటియే కారణమన్నాడు. కాని ఆ ప్రతిభ ఒకచోట అదృష్టమువలన, మరియొకచోట వ్యుత్పత్త్యభ్యాసములవలన కలుగునని వివరించినాడు. కనుక ద్వారము మూసినట్లు కనిపించు మతములో సైతము చదువరికి ప్రవేశము కలదు.

ఇక లక్ష్యము. దశకుమారచరితము సప్తమోచ్ఛ్వాసమున మంత్రగుప్తుడు దంతక్షతముచే పెదవి నొచ్చినందున ఓష్ఠ్యవర్ణములు విడిచి తన కథ చెప్పును. అందులో ఆంధ్రనగరి, ఆంధ్రరాజు జయసింహుడు, ఒక మహాసరస్సు కలవు. ఆ నగరము వేంగియనియు, సరస్సు కొల్లేరనియు, రాజు 7వ శతాబ్దికి చెందిన తూర్పు చాళుక్య జయసింహుడనియు పలువురు భావించినారు.

తామరలకొలనును వర్ణింపవలెను. పద్మము, కమలము, అబ్జము, పుండరీకము అన్నియు పవర్గముతో కూడినవే. దండి నళినశబ్దమును గ్రహించినాడు. కలహంసలను, సారసములను, కింజల్కములను తెచ్చినాడు. నోటికి ముందు వచ్చు మాట నిషిద్ధమైనప్పుడు, కోశమును పూర్వకావ్యములును మనసున ఎంత లోతుగా నిలిచినవో బయటపడును. ఇచ్చట వ్యుత్పత్తి ప్రతిభకు బరువు కాలేదు, దారి అయినది. వినువానికి అక్షరలోపము తోచదు, నిండుకొలనే కనిపించును.

13వ శతాబ్దిలో కేతన ఈ కావ్యమును తెనిగించి, తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండియని ప్రసిద్ధుడైనాడు. చదువరి కవియైన తీరిది.

నేడు కోశమును కంఠస్థము చేయించుట కాలహరణమను మాట వినవచ్చుచున్నది. పఠనము పరీక్షకు వచ్చు శ్లోకములతో ముగియుచున్నది. నల్లజర్ల మెట్టనుండి కొల్లేటి లంకల వరకు గల విద్యార్థులకు ఆ సరస్సు కన్నులయెదుటి వస్తువు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఆ చిత్తడినేలను వారు చూచియే యుందురు. చూపు ఉన్నది, మాట కావలెను. ఈ ఉచ్ఛ్వాసమును బోధించునపుడు, కొల్లేటిని పవర్గము లేకుండ నాలుగు తెలుగు వాక్యములలో వర్ణింపుమని అడిగి చూడవచ్చును. చేప, పడవ, తామర, బాతు తొలుతనే జారిపోవును. కొంగ, నీరు, లంక మిగులును. తక్కిన మాటలకై విద్యార్థి నిఘంటువు తెరచిననాడు, దండి చెప్పిన శ్రుతమును యత్నమును అతనికి సూత్రముగా కాక అనుభవముగా తెలియును.