పాట నిలుచు టెట్లు?

మన బాలికలకు సంగీతము చెప్పించుట చాలకాలముగా వచ్చుచున్న యాచారము. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, పది కీర్తనలు నేర్చునంతలోఁ బెండ్లియో, పైచదువో, ఉద్యోగమో వచ్చును. వీణె గవిసెనలోనికిఁ బోవును. పదియేండ్లు గడచునప్పటికి నేర్చినదానిలో సగము మఱపున పడును. తీఱిక లేకపోవుటయే యిందులకుఁ గారణమని చాలమంది యందురు. అదియు నిజమే, కాని మేము చెప్పఁదలఁచినది వేఱొకటి. స్వరము పుట్టుట యెట్లో, రాగము లేర్పడుట యెట్లో, పాటను వ్రాయుట యెట్లో తెలియక నోటితో మాత్రమే నేర్చిన విద్య పూర్తిగా మనది కాదు. ఈ మూఁడును గఠినములు గావు. వంటలో నుప్పునకు, నీటికిఁ గొలత లెఱిఁగిన యిల్లాలికి సంగీతపుఁ గొలతలు తెలియకపోవు.

మొదట నాదము సంగతి చూతము. తీఁగను మీటినచో నది వడిగా నూఁగును. ఆ యూఁపు గాలిని గదలించి మన చెవిని జేరును. ఊఁపులు హెచ్చినకొలఁది స్వరము పైకిఁ బోవును. ఒక తీఁగ సెకనునకు 240 మాఱు లూఁగి షడ్జమును బలికిన దనుకొందము. బిగువు మార్పక తీఁగలో సగముమాత్రమే పలికించినచో ఊఁపులు 480 అగును. అది పై షడ్జము. మూఁడింట రెండుపాళ్లు పలికించిన 360, అది పంచమము. నాలుగింట మూఁడుపాళ్లు పలికించిన 320, అది శుద్ధమధ్యమము. ఇట్టి చిన్న లెక్కలకు లోఁబడిన స్వరములే షడ్జముతో హాయిగాఁ గలసిపోవును.

తంబురలో నింకొక వింత గలదు. తీఁగలు పీఁటపై నానుచోట వానిక్రింద జీవాళి యను నూలుపోగు నుంతురు. అది సరియగు తావున నున్నచో తీఁగ యొక్క స్వరమునే గాక పైస్వరములను గూడ వెదచల్లును. ఎవ్వరును మీటని యంతరగాంధారము మంద్రషడ్జపు తీఁగనుండి వినవచ్చుట శ్రద్ధగా విన్నవారి కనుభవమే. సర్ సి. వి. రామన్ గారు 1921లో వీణెను, తంబురను బరీక్షించి, వాని పీఁటల ప్రత్యేక నిర్మాణముచేతనే యీ పైస్వరము లింత మెండుగాఁ బుట్టుచున్నవని చూపిరి. సాధారణముగాఁ జర్మవాద్యముల ధ్వని శ్రుతికి లోఁబడదు. నడుమనున్న నల్లని పూఁతచేత మృదంగము లోఁబడుచున్నదని వారే 1920లో వెల్లడించిరి. వాద్యములు చేయు మన పనివారు చెవితోఁ గనిపెట్టినదానికి శాస్త్రము సాక్ష్యము పలికినది. కావున శ్రుతి లేనిదే పిల్లలచేఁ బాడింపరాదు. తంబుర లేనియింట ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె యైనను జాలును.

స్వరములు నాదమునుండి వచ్చినవి. వానిని గూర్చి రాగములుగా నేర్పఱచినది మనుష్యుల బుద్ధి. విజయనగరమున నళియ రామరాయల యాశ్రయమున రామామాత్యుఁడు 1550లో స్వరమేళకళానిధిని రచించి, వీణెకు మెట్లమర్చు విధమును దెలిపెను. తరువాతి శతాబ్దమున తంజావూరి నాయకరాజుల కాలమునందు వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో మేళములను లెక్కగట్టెను. ఆ లెక్క మనమును జేయవచ్చును. షడ్జపంచమములు మాఱవు. రిషభగాంధారములు కలియు విధము లాఱు, ధైవతనిషాదములు కలియు విధము లాఱు, ఆఱాఱులు 36. మధ్యమములు రెండు గాఁబట్టి మొత్తము 72. పిల్లలు మొదట నేర్చు మాయామాళవగౌళ యందులోఁ బదునేనవది. ఈ పద్ధతిని బురందరదాసుగా రేర్పఱచిరని ప్రసిద్ధి. ఇందు స రి గ మ ల నడుమనున్న దూరములును, ప ధ ని స ల నడుమనున్న దూరములును సమానములే. సగము నడక పట్టుబడిన గొంతునకుఁ దక్కిన సగము సులభమగును.

ఇఁక వ్రాత. స్వరములను వ్రాయుట మనకుఁ గ్రొత్త కాదు. పుదుక్కోట సమీపమునఁ గుడుమియాన్‌మలై కొండబండపై 7, 8 శతాబ్దములనాఁటి స్వరాక్షరములు చెక్కఁబడి యున్నవి. అయినను బాటలను వ్రాసియుంచు నలవాటు మనలో వ్యాపింపలేదు. దానివలని నష్ట మెంతటిదో తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) చరిత్రమువలనఁ దెలియును. ఆయన సంకీర్తనలు పండ్రెండువేలకుఁ బైగాఁ దిరుమలలో రాగిఱేకులపై నిలిచినవి. ప్రతి పాటకు రాగము పేరున్నది. కాని యా పాటలకు స్వరములు లేవు. మాటలు బ్రదికినవి, వరుసలు పోయినవి. నేఁడు మనము వినుచున్నవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు మరలఁ గూర్చిన వరుసలు.

దీనికి మాఱుగా ముత్తుస్వామి దీక్షితుల (1775-1835) కృతుల సంగతి చూడుఁడు. ఆ వంశమువారగు సుబ్బరామ దీక్షితులుగారు తమ యింట నిలిచిన పాఠమును స్వరపఱచి, గమకములకు గుర్తు లేర్పఱచి, సంగీతసంప్రదాయప్రదర్శిని యను గ్రంథముగా 1904లో ఎట్టయపురమునఁ బ్రకటించిరి. చిన్నస్వామి మొదలియారుగారు పట్టుపట్టి యా పని చేయించిరి. సంస్థానమువారు వ్యయము భరించిరి. తమిళదేశమున వెలువడిన యా గ్రంథము తెలుఁగు లిపిలో నున్నది. రెండువందలకుఁ బైగా దీక్షితుల కృతులు దానివలన నిలిచినవి.

ఆ వ్రాత నేర్చుటకు వారము దినములు చాలును. ఆదితాళమునకు నక్షరము లెనిమిది. 4, 2, 2 గా విభాగము. మొదటి సరళీస్వరము నిట్లు వ్రాయుదురు: స రి గ మ | ప ధ | ని స ||. హ్రస్వాక్షరమున కొక యక్షరకాలము, దీర్ఘమునకు రెండు. కామా యొకదానిని, అర్ధవిరామపు గుర్తు రెండింటిని నిలుపును. అక్షరముపైఁ జుక్క యున్నఁ దారస్థాయి, క్రిందనున్న మంద్రస్థాయి. స్వరములక్రిందఁ బాటమాటలను సరిగా నమర్చిన వ్రాత ముగిసినది.

అయినను వ్రాతయే పాట కాదు. తోడిలోని గాంధారమునకుఁ బ్రాణమిచ్చు నూఁపును ఒక్క "గ" అక్షరము చూపఁజాలదు. ఇంటిలోఁ బెరుగు తోడువెట్టు తీరు పుస్తకము చూచి తెలిసికొన్నను, పాలవెచ్చఁదనము చేతికే తెలియవలెను గదా! కావున గురుముఖమున వినుటయు, కాగితముపై వ్రాయుటయు రెండును గావలెను. నేఁడు చేతిఫోనులో నే పాటనైనను నిమిషములోఁ బట్టి యుంచవచ్చును. అది గమకమును నిలుపును. వ్రాత పాట కట్టుబడిని దెలుపును. ఒకటి రెండవదానికి సాయము.

మేమింతగాఁ జెప్పుటకుఁ గారణ మొకటి గలదు. కీర్తనలకు విద్వాంసులున్నారు, సభలున్నవి, గ్రంథములున్నవి. మన యమ్మమ్మలు పాడిన మంగళహారతులకు, అప్పగింతల పాటలకు, గొబ్బిపాటలకు, బతుకమ్మపాటలకు, లాలిపాటలకు దిక్కెవ్వరు? స్త్రీల పాటల పుస్తకములు గలవు; కాని వానిలోఁ బెక్కింట మాటలే యున్నవి, వరుసలు లేవు. రాగిఱేకులకుఁ బట్టిన గతియే వీనికిఁ బట్టుచున్నది. ఇవి యాఁడువారి నోట నిలిచిన సొత్తు. వీనిని గాపాడుటయు మన పనియే.

కావున సోదరీమణులారా! స్వరము లెఱిఁగినవారు మీ యింటి పెద్దముత్తైదువ నొకనాఁడు కూర్చుండఁబెట్టి, ఆమె గొంతునకు సరిపడు శ్రుతి పెట్టి, ఒక్క పాట పాడించుకొనుఁడు. తాళము తెలిసికొని, షడ్జ మెక్కడనున్నదో పట్టుకొని, స్వరములు వ్రాయుఁడు. వ్రాసినదానిని జూచి పాడి యామెకు వినిపింపుఁడు. తప్పున్నచో నామెయే దిద్దును. ఊరి పేరును, ఆమె పేరును, తేదిని గ్రింద వ్రాయుఁడు. నెలకొక పాట వ్రాసినను సంవత్సరమునకుఁ బండ్రెండగును. చీరసారెలతోఁ గూఁతున కీ పుస్తకమును గూడ నిచ్చి పంపినచో, ఆ పాటలు మీ మనుమరాండ్ర నోటను నిలుచును.