వార్తల్లో పదం: ఎఫ్‌ఎంజీఈ

విదేశాల్లో వైద్యవిద్య చదివిన భారతీయులు స్వదేశంలో ప్రాక్టీసు చేయాలంటే పాస్ కావాల్సిన పరీక్ష ఎఫ్‌ఎంజీఈ. 2002 నుంచి అమల్లో ఉంది. ఏటా రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నలకు 150 మార్కులొస్తే చాలు, నెగెటివ్ మార్కులూ లేవు. అయినా తప్పేవారే ఎక్కువ.

పేచీ మాత్రం సీటు తీసుకునేనాడే మొదలవుతుంది. 2021 నవంబరు నాటి నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, బోధన ఇంగ్లిషులోనే సాగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విద్యాసంస్థలో చేయాలి. ఆ డిగ్రీతో అక్కడ కూడా ప్రాక్టీసుకు అర్హత ఉండాలి. ఫీజు ఎంతని అడిగే తల్లిదండ్రులు సాధారణంగా అడగనిది ఈ చివరి షరతు గురించే. అది తేలకపోతే పాసైనా రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడొచ్చు. అన్నీ సరిపోతే ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన రాష్ట్ర వైద్య మండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్.