బండ చీలికే ఆవాసం: బంగారు బల్లి, వలయబల్లుల తులనాత్మక పరిశీలన

కీలకపదాలు: బంగారు బల్లి, వలయబల్లులు, లంకమల, రాతి ఆవాసం, సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

బద్వేలు ప్రాంతంలోని లంకమల అడవులు 1986లో కలివికోడి తిరిగి కనబడడంతో ప్రసిద్ధి పొందాయి. పనికిరాని చిట్టడవి అనిపించే నేల ఒక అరుదైన పక్షికి అనివార్యమైన ఆవాసమని నాడు తేలింది. రాయలసీమ కొండల రాతిగోడల విషయంలోనూ ఇదే పరిశీలన అవసరం. ఇందుకు తగిన ఉదాహరణ తూర్పు కనుమల బంగారు బల్లి.

2. వలయబల్లుల రక్షణవిధానం

వలయబల్లుల కుటుంబం ఆఫ్రికాకే పరిమితం. ఒంటి చుట్టూ వరుసలుగా అమరిన గట్టి పొలుసులు వీటి లక్షణం. దక్షిణాఫ్రికా పడమటి శుష్కప్రాంతంలోని ఔరోబోరస్ ప్రజాతిని 2011లో వేరుచేశారు. ఇందులో ఉన్నది ఒకే జాతి. ఆపద ఎదురైతే అది తోకను నోట కరచి చక్రంలా చుట్టుకుంటుంది, ముళ్ళ పొలుసులతో మెత్తని పొట్టను కాపాడుకుంటుంది. ఇంతటి కవచం ఉన్నా దాని నివాసం బండ చీలికే. అక్కడ గుంపులుగా జీవిస్తూ పిల్లలను కంటుంది.

3. కవచం లేని బల్లి

బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ తిరుపతి కొండల నుండి వర్ణించాడు. చాలాకాలం మరుగున పడిన ఈ జాతి పునరావిష్కరణ వార్త 1986లో వెలువడింది. దీని ప్రజాతియైన కాలోడాక్టిలోడెస్‌లో రెండే జాతులున్నాయి. రెండవది శ్రీలంకలో నివసిస్తుంది. ప్రజాతి నామంలో 'అందమైన వేళ్ళు' అనే గ్రీకు అర్థం ఇమిడి ఉంది. వెడల్పైన వేలికొనల మెత్తలతో ఈ బల్లి నిటారు బండలను పట్టుకొని తిరుగుతుంది. పసిడివన్నె ప్రధానంగా మగబల్లిది.

దీని చర్మం మెత్తనిది, ముళ్ళకవచం లేదు. పగలు చీలికలలో దాగి రాత్రి సంచరిస్తుంది. పలు ఆడబల్లులు ఒకే చోట రాతికి అంటుకొనేలా గుడ్లు పెడతాయి. ఏళ్ళతరబడి అదే చోటును వాడుకోవడం వల్ల పాత పెంకుల గుర్తులు బండపై మిగులుతాయి.

4. ముగింపు

ఒకటి కవచధారి, మరొకటి నిరాయుధ. ఒకటి పిల్లలను కంటుంది, మరొకటి గుడ్లు పెడుతుంది. బంధుత్వం దూరమైనా రెండింటికీ రాతి చీలికే ఆధారం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలు బంగారు బల్లికి రక్షణ కల్పించింది. అయితే జీవిని కాపాడి బండను పగలగొడితే ఆ రక్షణ నామమాత్రమే. నరికిన చెట్టు స్థానంలో మరొకటి నాటవచ్చు. తరతరాల గుడ్ల గుర్తులున్న రాతిగోడను తిరిగి నిర్మించలేము. కనుక క్వారీలకు, రహదారులకు ముందు జరిపే సర్వేలలో వృక్షాలతోపాటు గుడ్లున్న బండలనూ నమోదు చేయాలి.