అత్తమ్మ దాచిన సీసా

నిరుడు దసరాకు బాల్కొండ వెళ్ళాను. జమ్మి బంగారం చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కగానే, మా మేనత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి ఒక కాగితం చూపించింది. చాలా ఏళ్ళుగా రక్తపరీక్షలో కనబడని హెచ్.ఐ.వి. మళ్ళీ తల ఎత్తిందట! అరవై రెండేళ్ళ అత్తమ్మకు ఈ వ్యాధి ఉన్నదని ఇంటిల్లిపాదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1986లో మద్రాసులో కనుగొన్నారు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. ఆ పుణ్యమా అని ఆనాటి పడుచువాళ్ళు ఈనాడు తలలు నెరిసి మనుమలను ఎత్తుకుంటున్నారు. సంతోషమే! అయితే చక్కెర, రక్తపుపోటు, గుండెజబ్బు, ఎముకల బలహీనత వీరికి కాస్త ముందుగానే రావచ్చు. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క డాక్టరు. ఒకరు రాసిన మందు ఇంకొకరికి తెలియాలి కదా?

అత్తమ్మ విషయంలో జరిగింది ఇదే. మోకాళ్ళ నొప్పులకని ఒక డాక్టరు కాల్షియం బిళ్ళలు రాశారు. ఆమె రెండు బిళ్ళలూ పరగడుపునే కలిపి మింగుతోంది. కాల్షియం, ఇనుము బిళ్ళలు ఆమె వాడే డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అన్నంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదా కాల్షియానికి రెండు గంటలు ముందో, ఆరు గంటలు తరువాతో ఈ బిళ్ళ వేసుకోవాలి. చక్కెరకు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదును కూడా డాక్టరు చూసి సరిచేయవలసి ఉంటుంది.

"ఆ డాక్టరుకు చెప్పలేదా అత్తమ్మా?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? ఆ మాట ఇంట్ల తెలిస్తే కోడలు నా కంచం ఏరు పెడ్తది."

ఒకే కంచంలో తిన్నా ఈ వ్యాధి అంటదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఈ వ్యాధి ఉన్నదని వైద్యం నిరాకరించరాదు; రోగి అనుమతి లేకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పరాదు. ఇవన్నీ చెప్పి, ఆమెను నిజామాబాదు పెద్ద దవాఖానాకు తీసుకువెళ్ళాను. సంచిలోని మందులన్నీ బల్లమీద పెట్టించాను. వేళలు మార్చి రాసిచ్చారు. మోకాళ్ళ డాక్టరుకు కూడా ఆమే స్వయంగా చెప్పింది.

ఉగాదినాటి పరీక్షలో వైరస్ మళ్ళీ కనబడలేదు. కోడలికి మాత్రం ఇంకా చెప్పలేదు. సీసా పప్పు డబ్బా వెనుకనే ఉన్నది.

మన ఇళ్ళలో పెద్దలు ఇటువంటి సీసాలు ఎన్ని దాచుకుంటున్నారో! అవి ధైర్యంగా గూట్లో పెట్టుకునే రోజు రావాలంటే, ముందు మన నోళ్ళు మంచివి కావాలి.