మత్తు వదిలాక తోడు నడిచేదెవరు?
వ్యసన విముక్తిలో రికవరీ కోచ్ పాత్ర, పరిధులు

మద్యం మానడం ఒక ఎత్తు, మానిన తర్వాత నిలబడటం మరో ఎత్తు. డీ-అడిక్షన్ కేంద్రంలో గడిపేది కొద్ది వారాలే. ఇంటికి తిరిగి వచ్చాక ఎదురయ్యేవి అదే వీధి, అదే వైన్‌షాపు, అదే స్నేహబృందం, తీరని అప్పులు. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చేందుకు అమెరికాలో రూపుదిద్దుకున్న వృత్తే 'రికవరీ కోచ్'. స్వయంగా వ్యసనం నుంచి బయటపడి, శిక్షణ పొంది, అదే బాటలో ఉన్న మరొకరికి తోడుగా నిలిచేవారే ఎక్కువగా ఈ పని చేస్తారు.

మన దేశంలో ఈ ఖాళీ ఎంత పెద్దదో 2019లో వెలువడిన జాతీయ సర్వే చెబుతోంది. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దీన్ని నిర్వహించింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి ఏదో ఒక సాయం అవసరం. మద్యంపై పూర్తిగా ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదైనా చికిత్స పొందినట్లు చెప్పారు.

మళ్లీ ఎందుకు మొదలవుతుంది?

మత్తు పదార్థాలు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అధికంగా విడుదల చేయిస్తాయి. ఆ అనుభవంతో ముడిపడిన చోటు, వాసన, మనుషులు జ్ఞాపకంలో గట్టిగా నాటుకుపోతాయి. శరీరంలో మత్తు లేకపోయినా ఆ గుర్తులు ఎదురైతే చాలు, కోరిక ఎగసిపడుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన మెదడు ముందు భాగం అప్పటికే బలహీనపడి ఉంటుంది. చికిత్స తర్వాత దాదాపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ వాడటం మొదలుపెడతారని అంచనా. రక్తపోటు, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక జబ్బుల్లోనూ తిరగబెట్టడం ఇంచుమించు ఇదే స్థాయిలో ఉంటుంది. అందుకే మళ్లీ తాగిన మనిషిని 'బుద్ధి లేనివాడు' అని తీసిపారేయడం సరికాదు. చికిత్సను సరిదిద్దుకోవాలనడానికి అది సూచన.

కోచ్ చేసే పని

కౌన్సెలర్ మానసిక సమస్యను అంచనా వేసి చికిత్స చేస్తారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి బృందాల్లో 'స్పాన్సర్' అదే బృందంలోని సీనియర్ సభ్యుడు. జీతం తీసుకోడు, ఆ బృందం పద్ధతినే చెబుతాడు. కోచ్ ఈ ఇద్దరికీ భిన్నం. ఫలానా దారిలోనే నడవాలని పట్టుబట్టడు. అవతలి వ్యక్తి లక్ష్యమేమిటో అడిగి తెలుసుకుంటాడు. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు వెంట వెళ్తాడు. పని వెతుక్కోవడానికి, ఆధార్, రేషన్ కార్డుల వంటి కాగితాలు సమకూర్చుకోవడానికి సాయపడతాడు. కోరిక పుట్టిన సాయంత్రం ఫోన్ ఎత్తుతాడు.

దాటకూడని గీతలు

మంచి మనసు ఒక్కటే ఉంటే చాలదు. ఈ పనిలో హద్దు దాటితే ప్రాణాలే పోవచ్చు. ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు తీవ్రమైన వణుకు, భ్రమలతో 'డెలీరియం ట్రెమెన్స్' అనే ప్రమాదకర స్థితి ఏర్పడవచ్చు. 'ధైర్యంగా ఈరోజే మానెయ్' అని సలహా ఇవ్వకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు పంపడమే కోచ్ బాధ్యత. హెరాయిన్ వంటివి కొన్నాళ్లు మానితే శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పాత మోతాదే ప్రాణాంతకం కాగలదు. కాబట్టి డాక్టర్ రాసిన బ్యూప్రెనార్ఫిన్‌ను 'ఇదీ మత్తే కదా' అంటూ మాన్పించే హక్కు కోచ్‌కు లేదు.

మిగతా ప్రమాణాలూ అంతే ముఖ్యం. విన్న విషయం గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు. సాయం పొందేవారితో డబ్బు లావాదేవీలు, ప్రేమ వ్యవహారాలు పెట్టుకోకూడదు. తన అనుభవాన్ని ఎదుటివారికి ఉపయోగపడేంత వరకే చెప్పాలి. తన సొంత కోలుకోవడం ఊగిసలాడుతుంటే పక్కకు తప్పుకోవాలి. అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికెయిడ్ 2007లో తోటివారి సహాయ సేవలకు మూడు షరతులు పెట్టింది: పర్యవేక్షణ, ఇతర చికిత్సతో సమన్వయం, శిక్షణతో కూడిన ధ్రువీకరణ.

ఫలితం ఉందా?

ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల ప్రకారం కోచ్ తోడున్నవారు చికిత్సలో ఎక్కువకాలం కొనసాగే అవకాశం కనిపిస్తోంది. అయితే అధ్యయనాలు తక్కువ, పద్ధతులు రకరకాలు. చికిత్సకు ఇది తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

మన దేశంలోనూ మత్తు నివారణ కార్యక్రమాల్లో తోటివారి సాయానికి చోటుంది. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నషా ముక్త్ భారత్ అభియాన్ మొదలైంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తెచ్చింది. రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కాబట్టి ఏ కేంద్రాన్ని ఎంచుకున్నా కుటుంబం ముందుగా కొన్ని ప్రశ్నలు అడగాలి. ఇక్కడ డాక్టర్ ఉన్నారా? తోడుగా ఉండేవారికి శిక్షణ ఎవరిచ్చారు? వారి పనిని ఎవరు పర్యవేక్షిస్తారు? డిశ్చార్జి తర్వాత ఎవరు ఫోన్ చేస్తారు?

సాయం కోసం జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.