ముడతల సీరమూ, మానని పుండూ

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు కొందరు, ముఖం మీద ముడతలు రాకుండా 'గ్రోత్ ఫ్యాక్టర్' సీరమ్ వాడవచ్చా అని మమ్మల్ని అడుగుతున్నారు. పాతికేళ్ళకే ముడతల భయమా అని పెద్దలు నవ్వుతారు గాని, ప్రశ్న మంచిదే.

గ్రోత్ ఫ్యాక్టర్ అంటే మన శరీరమే తయారుచేసుకునే ప్రోటీను. చర్మం తెగినప్పుడు, పెరిగి ఆ ఖాళీని పూడ్చమని చుట్టుపక్కల కణాలకు కబురు అందిస్తుంది. వీటిలో ఒకటైన ఇ.జి.ఎఫ్.ను కనుగొన్న స్టాన్లీ కోహెన్ గారికి, రీటా లెవీ-మోంటాల్చినీ గారితో కలిపి 1986లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఇ.జి.ఎఫ్.ను మన హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ సంస్థ జన్యు సాంకేతికతతో తయారుచేసి, 'రీజెన్-డి' అనే జెల్‌గా తెచ్చింది. అది ముఖానికి కాదు, షుగరు రోగుల కాలి పుండ్లకు.

ఎందుకీ తేడా? ఆరోగ్యంగా ఉన్న చర్మం గోడ వంటిది. సుమారు 500 డాల్టన్ల బరువు మించిన అణువులు దానిని దాటడం కష్టం. ఇ.జి.ఎఫ్. బరువు సుమారు 6000. పుండు దగ్గర ఆ గోడే ఉండదు కనుక మందు నేరుగా కణాలను చేరుతుంది. సీరమ్‌లతో సన్నని గీతలు కొంత తగ్గినట్టు చెప్పే అధ్యయనాలు ఉన్నాయి గాని, అవి చాలావరకు కొద్దిమందిపై చేసినవే. ముడతలకు ముఖ్య కారణం ఎండ. సన్‌స్క్రీన్ రాసుకోవడం, పొగ మానడం మేలని మా అభిప్రాయం. చర్మ క్యాన్సరు వచ్చినవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇవి వాడరాదు.

మాకు ఎక్కువ దిగులు కలిగించేది వేరొకటి. కూతురు వేల రూపాయల సీసా కొనే ఇంట్లోనే, నాన్నగారి కాలి పుండుకు పసుపు అద్ది పాత గుడ్డ కట్టి ఉంటుంది. షుగరు వల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, రక్తప్రసరణ తగ్గి పుండు మానదు. జెల్ ఒక్కటే దానిని మాన్పదు. ముందు షుగరు అదుపులోకి రావాలి, చచ్చిన కండ తీసివేయాలి, చీము పట్టి ఉంటే తగ్గించాలి, ఆ పాదంపై బరువు పడకూడదు. ఇవన్నీ జరిగాక, అవసరమైతే డాక్టరే జెల్ రాస్తారు. ఆలస్యమైతే వేలో, కాలో తీయవలసి రావచ్చు.

షుగరు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. కంటిచూపు సరిగా లేనివారికి ఇంట్లో పిల్లలు చూడాలి. వేసవిలో గుడి బయట చెప్పులు విడిచి ఎండకు కాలిన బండల మీద నడవకండి. బొబ్బ లేచినా మీకు తెలియదు.