సెప్సిస్ నుంచి బయటపడ్డాక ఇంటి వద్ద తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సెప్సిస్ బారిన పడి ప్రాణాలు దక్కించుకున్న వ్యక్తి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరగానే గండం గడిచిందని కుటుంబసభ్యులు భావించడం సహజం. అయితే డిశ్చార్జి తర్వాత తొలి మూడు నెలలు ఎంతో కీలకమైనవి. పుదుచ్చేరి పట్టణంలోని జిప్మర్ వంటి పెద్దాసుపత్రుల్లో చికిత్స పొంది స్వస్థలాలకు వెళ్లే తెలుగువారు ఈ విషయాన్ని మరింతగా గుర్తుంచుకోవాలి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా, యానాం ఈ పట్టణానికి సుమారు 870 కిలోమీటర్ల దూరంలో, కాకినాడకు సమీపంలో ఉంది. చికిత్స చేసిన వైద్యునికీ రోగికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు ఇంటివారి అవగాహనే రోగికి రక్ష.

సెప్సిస్ అంటే ఏమిటి?

ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీర ప్రతిస్పందన అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసే ప్రాణాంతక స్థితిని సెప్సిస్ అంటారు. న్యుమోనియా, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మధుమేహుల కాలి పుండు, స్క్రబ్ టైఫస్ వంటి జ్వరాలు దీనికి దారితీయవచ్చు. 2017లో ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 89 లక్షల సెప్సిస్ కేసులు, వాటికి సంబంధించి కోటీ 10 లక్షల మరణాలు సంభవించినట్లు 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

మిగిలిపోయే బాధలు

ఐసీయూలో మంచం పట్టిన రోజుల్లో కండరాలు వేగంగా క్షీణిస్తాయి. అందువల్ల నాలుగడుగులు వేసినా ఆయాసం, నీరసం కలుగుతాయి. జుట్టు రాలడం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, పీడకలలు, మతిమరుపు, దిగులు వారాలు, కొందరిలో నెలల తరబడి కొనసాగుతాయి. ఇది బద్ధకమో, మొండితనమో కాదు; జబ్బు మిగిల్చిన ప్రభావమని ఇంటివారు గ్రహించాలి. విదేశీ అధ్యయనాల ప్రకారం, కోలుకున్నవారిలో దాదాపు 40 శాతం మంది 90 రోజుల్లోపు మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు. కొత్త ఇన్‌ఫెక్షన్లు, గుండె, మూత్రపిండాల సమస్యలు ఇందుకు ముఖ్య కారణాలు.

డిశ్చార్జి పత్రంలో ఏం చూడాలి?

ఈ పత్రం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. ఆసుపత్రి వదలకముందే అందులోని విషయాలను తమకు అర్థమయ్యే భాషలో చెప్పించుకోవాలి. సెప్సిస్ గురించిన సమాచారాన్ని రోగికి, కుటుంబానికి మౌఖికంగానూ, రాతపూర్వకంగానూ అందించాలని 2021 నాటి అంతర్జాతీయ చికిత్సా మార్గదర్శకాలు సూచించాయి. ఇన్‌ఫెక్షన్ ఎక్కడ మొదలైంది, యాంటీబయాటిక్ ఎన్నాళ్లు వాడాలి, ఆపివేసిన బీపీ, షుగర్ మందులను తిరిగి ఎప్పుడు ప్రారంభించాలి, క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించాలి అనే ప్రశ్నలకు సమాధానాలు రాయించుకోవాలి.

జ్వరం తగ్గిందని మందు మానేయడం ప్రమాదకరం. ఉదాహరణకు మట్టి, నీటి ద్వారా సోకే మెలియాయిడోసిస్ మధుమేహుల్లో సెప్సిస్‌కు దారితీయవచ్చు. ఈ జబ్బులో ఇంజెక్షన్లు ముగిశాక కూడా కనీసం మూడు నెలల పాటు మాత్రలు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు ఉంది.

ఇంటి వద్ద సంరక్షణ

మొదట మంచంపై కూర్చోవడం, తర్వాత లేచి నిలబడటం, ఆపై వసారా వరకు నడవడం వంటి చిన్న లక్ష్యాలతో కదలికను రోజురోజుకూ పెంచాలి. ఒకేసారి కడుపునిండా కాకుండా కొద్దికొద్దిగా పలుమార్లు ఆహారం ఇవ్వాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు కండబలాన్ని పెంచుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. ఒళ్లునొప్పులకు సొంతంగా మాత్రలు కొని వాడరాదు. వాటిలో కొన్ని మూత్రపిండాలకు హాని చేస్తాయి. మింగేటప్పుడు పొలమారుతుంటే వైద్యుని దృష్టికి తీసుకెళ్లాలి.

జాగు చేయకూడని లక్షణాలు

తీవ్రమైన చలి, వణుకుతో జ్వరం, ఒళ్లు చల్లబడటం, వేగంగా ఊపిరి తీయడం, మూత్రం బాగా తగ్గడం, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే తెల్లవారే వరకు వేచి చూడకుండా 108కు ఫోన్ చేయాలి. రోగికి ఇటీవలే సెప్సిస్ వచ్చిందని వైద్యసిబ్బందికి ముందుగానే చెప్పి, డిశ్చార్జి పత్రం చూపాలి.

దగ్గరలో లభించే సేవలు

యానాంలో 90 పడకల జిప్మర్ మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్ 2024 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ప్రయాణం చేయలేనివారు కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఉచితంగా వైద్యుని సంప్రదించవచ్చు. దిగులు, భయం వీడకుంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. రోగిని చూసుకునేవారు కూడా తమ అలసట గురించి ఇదే నంబరులో మాట్లాడవచ్చు.

కూలి పనులకు, చేపల వేటకు వెళ్లేవారు బలం చేకూరకముందే తిరిగి పనిలో దిగితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. పనికి ఎప్పుడు వెళ్లాలన్నది తదుపరి పరీక్షల తర్వాత వైద్యునితో చర్చించి నిర్ణయించుకోవడం మంచిది.